చెల్లిగా పుట్టిన మా తమ్ముడు: డాక్టర్లు, కాగితాలు, మా ఇంట్లోవాళ్లు

2024 ఫిబ్రవరిలో మా తమ్ముడి ఆధార్ కార్డు కొత్త పేరుతో చేతికొచ్చింది. తను అమ్మాయి కాదు, అబ్బాయినని 2022 సంక్రాంతికి వాడు నాతో మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. అప్పటి నుంచి రెండేళ్లు పట్టింది. ఈ రెండేళ్లలో తెలుగులో ఎంత వెతికినా వెక్కిరించే వీడియోలే దొరికాయి. ఒక ఇంట్లో ఇలాంటిది వస్తే ఏం జరుగుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్లు ఆగాలో చెప్పినవాళ్లు కనపడలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తమ్ముడు చదివి ఒప్పుకున్నాడు. పేర్లు, ఊరు రాయను.

మాది కృష్ణా డెల్టాలో చిన్న ఊరు. నాన్న సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నాయనమ్మ మాతోనే ఉంటుంది. నేను పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. నా తర్వాత ఎనిమిదేళ్లకు వాడు పుట్టాడు. అప్పుడు అందరూ ఆడపిల్ల అన్నారు.

భోగి రాత్రి మేడ మీద చెప్పాడు. అప్పటికి వాడికి పదిహేడు, ఇంటర్ సెకండియర్. "అక్కా, నేను అమ్మాయిని కాను. నటించి నటించి అలిసిపోయాను" అన్నాడు. ఎనిమిదో తరగతిలో ఓణీల ఫంక్షన్ చేసినప్పుడు రెండు రోజులు వాంతులు చేసుకున్నాడు. ఇంట్లో అందరం ఎండదెబ్బ అనుకున్నాం. చుడీదార్ కింద రెండు బిగుతు బనియన్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటున్నాడట, చంకల కింద చర్మం పుండ్లు పడింది. కాలేజీలో ఆడపిల్లల బాత్రూమ్‌కి వెళ్లలేక పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేశాడు. ఆ ముందు ఏడాదిలో మళ్లీ మళ్లీ వచ్చిన యూరిన్ ఇన్‌ఫెక్షన్లకు కారణం అదీ. ఒంటికీ, మనసుకు తెలిసిన లింగానికీ పొంతన లేక పడే ఈ బాధను డాక్టర్లు జెండర్ డిస్ఫోరియా అంటారని తర్వాత తెలిసింది గానీ, నాకు అర్థమైంది మాత్రం ఆ పుండ్లు చూశాకే.

నెల రోజులకు అమ్మకు చెప్పాడు, నేను ఫోన్‌లో ఉండగా. అమ్మ ఆ రాత్రే నాన్నకు చెప్పింది. నాన్న ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వాడితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు. నాయనమ్మకు మాత్రం ఇదేమంత వింతగా అనిపించలేదు. "మగరాయుడిలా పెరిగింది, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అంది. రైళ్లలో, సిగ్నళ్ల దగ్గర హిజ్రాలను చూడనివాళ్లు లేరు. అమ్మాయిగా పుట్టి అబ్బాయిగా బతికేవాళ్లను మాత్రం మా ఊళ్లో ఎవరూ ఎరగరు. పోల్చుకోవడానికి ఒక్క మనిషి కూడా లేకపోవడం మావాళ్లను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

దీని మీద ఇంకో చిక్కు. మా మావయ్య కొడుక్కి వీడిని ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ అనుకున్నారు. మేనరికం. మాట ఇచ్చిపుచ్చుకోలేదు గానీ, ప్రతి పండక్కీ అత్తయ్య "నా కోడలు" అనే పిలిచేది. సంగతి తెలిసి మావయ్య వచ్చారు. అరవలేదు. "మగవాడిననుకుంటే అనుకోనీ, డిగ్రీలో చేరగానే ముహూర్తం పెట్టేద్దాం, ఒక బిడ్డ పుడితే అన్నీ మర్చిపోతుంది" అన్నారు. అమ్మ అప్పుడు తల అడ్డంగా ఊపిందని నాన్న తర్వాత చెప్పారు. ఆ ఒక్క తల ఊపుతో అమ్మకు పుట్టిల్లు దూరమైంది. ఇవాళ్టికీ మావయ్య ఫోన్ చేయరు.

ఫిబ్రవరి చివర్లో దగ్గర్లోని పట్నంలో ఒక మానసిక వైద్యుడికి చూపించారు. పది నిమిషాలు చూశారు. వయసు ప్రభావం, ఫోన్ ఎక్కువ చూడటం, ఇంట్లో దైవభక్తి పెంచండి అని చెప్పి మాత్రలు రాశారు. ఫీజు ఐదు వందలు, నెలకు మాత్రలు పన్నెండు వందలు. వాటితో వాడు రోజుకు పద్నాలుగు, పదిహేను గంటలు పడుకునేవాడు. మేలో ఇంటర్ పరీక్షలు. పుస్తకం పట్టుకుంటే అక్షరాలు కదులుతున్నాయనేవాడు. మార్చి చివర్లో ఒక రాత్రి నాకు ఫోన్ చేసి, తనకు బతకాలని లేదన్నాడు. మా ఆయన, నేను అప్పటికప్పుడు బస్సెక్కి తెల్లవారేసరికి ఊళ్లో దిగాం.

అప్పట్లో నాకు ఏ నంబర్ చేయాలో తెలియదు. అదే ఏడాది అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ మొదలుపెట్టింది, నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు. ఇలాంటి రాత్రి మీ ఇంట్లో వస్తే ముందు మనిషిని ఒంటరిగా వదలకండి, తర్వాత ఆ నంబర్‌కి చేయండి.

ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్‌తో వీడియో కాల్ దొరికింది. ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని, మూడు వారాల్లో తగ్గించుకుంటూ రావాలని ఆవిడ చెప్పారు. పరీక్షలు ఎలాగో రాశాడు. జూన్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. నేరుగా చూపించుకోవడానికి అపాయింట్‌మెంట్‌కి ఇంకో మూడు వారాలు. మొదటిసారి వెయ్యి, తర్వాత ప్రతిసారీ ఎనిమిది వందలు.

ఆవిడ చేసిన మొదటి పని మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో ఒక్కడితోనే గంటసేపు మాట్లాడటం. బయటికొచ్చినప్పుడు వాడి మొహం ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉంది, అయినా తేలిగ్గా ఉన్నాడు. మేమెవరం వినకుండా పెద్దవాళ్లెవరైనా తన మాట విన్నది అదే మొదటిసారని అన్నాడు.

జులైలో అమ్మానాన్న వచ్చారు. నాన్న కుర్చీ అంచున కూర్చుని ఒకటే అడిగారు: "ఇది తగ్గుతుందా డాక్టర్ గారూ?" ఇది మానసిక జబ్బు కాదని, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక కొత్త కూర్పులో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేశారని, ఆ పట్టిక 2022 జనవరి నుంచే అమల్లోకి వచ్చిందని ఆవిడ చెప్పారు. వైద్యం చేయాల్సింది వాడి బాధకని, వాడి మనసు మార్చడానికి కాదని అన్నారు. ఆ తర్వాత నెలే జాతీయ వైద్య కమిషన్, మందులతోనో కౌన్సెలింగ్‌తోనో ఇలాంటి పిల్లల్ని 'మార్చే' ప్రయత్నం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికే వస్తుందని రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. పేపర్లో ఆ వార్త చూసినప్పుడు మొదటి డాక్టరు రాసిన మాత్రలు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేవబోతూ అడిగింది. నా తర్వాత ఎనిమిదేళ్లకు కడుపు నిలిచిందట. ఈసారి కొడుకు పుట్టాలని తొమ్మిది నెలలూ మొక్కుకుందట, ఉపవాసాలున్నదట. "నేను అంత గట్టిగా అడిగినందుకే బిడ్డ ఇలా పుట్టిందా అమ్మా?" అంది. ఏళ్ల తరబడి సాగిన పెళ్లి మాటలు, మావయ్య మాటలు ఏవీ ఆమెను ఇంతలా నలపలేదని అప్పుడు తెలిసింది. ఐదు నెలలుగా అమ్మ పూజగదిలో కూర్చుని ఏడుస్తున్నది దీని గురించి. డాక్టర్ లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. తల్లి కోరికకు, ఉపవాసాలకు, పెంపకానికి దీంతో ఏ సంబంధమూ లేదని, ఇద్దరూ ఆడపిల్లలే కావాలనుకున్న ఇళ్లల్లోనూ ఇలాంటి పిల్లలు ఉంటారని చెప్పారు. అమ్మ ఇంటికొచ్చాక ఆ మాటే నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

పద్దెనిమిది నిండేదాకా హార్మోన్లు లేవని డాక్టర్ ముందే చెప్పేశారు. సెప్టెంబర్ దాకా ఆగాలి. ఈలోపు బట్టలు, జుట్టు, ఇంట్లో పిలుపు, ఇవి చూసుకోమన్నారు. ఛాతీని బిగించే బైండర్ ఆన్‌లైన్‌లో పదిహేను వందలకు దొరికింది. రోజుకు ఎనిమిది గంటలకు మించి వేసుకోవద్దని, రాత్రి తీసేసి పడుకోవాలని చెప్పారు. కొలత సరిగ్గా తీసుకోవాలి, చిన్నది కొంటే ఊపిరాడదు. బనియన్ల పుండ్లు దాంతో నెలలో మానాయి.

జుట్టు దగ్గర అమ్మ ఆగిపోయింది. నడుం దాకా జడ. పదేళ్లు కుంకుడుకాయ రసంతో తనే తలంటి పోసి పెంచింది. క్రాఫ్ చేయించి ఊరికి తీసుకెళ్తే వీధంతా అడుగుతుంది. వారం ఆలోచించి దారి తనే కనిపెట్టింది: తిరుపతి మొక్కు. ఆడవాళ్లూ తలనీలాలిస్తారు, గుండును ఎవరూ ప్రశ్నించరు, ఆపైన జుట్టు ఎంత పొట్టిగా పెరిగినా 'కొండకిచ్చారు' అంటే సరిపోతుంది. సెప్టెంబర్‌లో పద్దెనిమిది నిండిన వారానికి నలుగురం వెళ్లాం. కళ్యాణకట్టలో ఆడవాళ్లకు తీయడానికి ఆడ క్షురకులూ ఉంటారు, డబ్బు తీసుకోరు. గుండు మీద చందనం రాసుకుని బయటికొచ్చి వాడు నవ్విన నవ్వు చాలా ఏళ్ల తర్వాత చూశాం. నాన్న అప్పుడు వాడి తల మీద చెయ్యి వేశారు. ఫిబ్రవరి తర్వాత వాడిని ముట్టుకోవడం అదే మొదలు.

పేరు దగ్గర మాత్రం అమ్మ నొచ్చుకుంది. కొడుకు పుడితే పెట్టాలని దాచుకున్న పేరు ఒకటుంది, మా తాతగారిది. అది పెట్టుకోమంది. వాడు అప్పటికే తనకో పేరు అనుకుని రెండేళ్లయింది, స్నేహితులు అదే పిలుస్తున్నారు. కాదన్నాడు. అమ్మ వారం రోజులు ముభావంగా ఉంది. వాడి పక్షానే నేను నిలబడ్డాను. మనం పిలవాల్సింది వాడు పలికే పేరు.

డాక్టర్ మాటలకన్నా అమ్మను ఎక్కువ నిలబెట్టింది ఇంకో తల్లి. ముంబైలో 2017లో మొదలైన స్వీకార్ అనే, ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల బృందం ఉంది. మాటలన్నీ హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తాయని అమ్మ భయపడింది. అడుగుతూ అడుగుతూ పోతే తెలిసినవాళ్ల ద్వారా ఒక తెలుగావిడ నంబర్ దొరికింది. ఆవిడ కొడుకూ ఇలాంటివాడే, ఉద్యోగం చేసుకుంటున్నాడు. మొదటి ఫోన్‌లో ఆవిడ డిస్ఫోరియా ఊసే ఎత్తలేదట. "మీవాడు అన్నం సరిగ్గా తింటున్నాడా? రాత్రి నిద్రపోతున్నాడా?" అని అడిగిందట. మొన్నటిదాకా తినలేదు, ఇప్పుడు తింటున్నాడని అమ్మ చెప్పిందట. "మరింకేం కావాలమ్మా" అందట ఆవిడ. నేను ఎన్ని వ్యాసాలు చదివి వినిపించినా కదలని మనసు ఆ అరగంటలో కదిలింది. మీకు ఒక్కటి చేసే శక్తే ఉంటే, మీ అమ్మకు ఇంకో అమ్మ నంబర్ సంపాదించిపెట్టండి.

నాన్న దారి వేరు. ఆయనకు ఫోన్లూ, కౌన్సెలింగూ అక్కర్లేదు, పేపర్లో పడిన విషయమే నమ్ముతారు. 2022 చివర్లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ కొయ్యల అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు (అబ్బాయిలుగా పుట్టి ఆడవాళ్లుగా బతికేవాళ్లు) ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరిన వార్త వచ్చింది. నాన్న దాన్ని కత్తిరించి బ్యాంకు ఫైల్లో పెట్టుకున్నారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు, హిజ్రాలను నేరగాళ్లుగా చూసిన 1919 నాటి నపుంసకుల చట్టాన్ని కొట్టేసినప్పుడు ఆ వార్త కూడా అదే ఫైల్లోకి వెళ్లింది. మాతో ఒక్క మాట అనలేదు. అలమర సర్దుతూ అమ్మ చూసింది.

అప్పటికి వాడు హైదరాబాద్‌లో డిగ్రీలో చేరి మా ఇంట్లోనే ఉంటున్నాడు. 2023 ఫిబ్రవరిలో సైకియాట్రిస్ట్ ఉత్తరంతో ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లాం. రక్త పరీక్షలు, లివర్, కొలెస్ట్రాల్, హార్మోన్లు, పొత్తికడుపు స్కానింగ్, అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర. స్కానింగ్ రోజు మేం అనుకోని కష్టం వచ్చింది. కడుపు నిండా నీళ్లు తాగి గర్భిణుల మధ్య రెండు గంటలు కూర్చోవాలి, పైగా పాత పేరు గట్టిగా పిలుస్తారు. వాడికి చెమటలు పట్టేశాయి. రెండోసారి నుంచి ముందే కౌంటర్‌లో మాట్లాడి, టోకెన్ నంబర్‌తో పిలవమని అడుగుతున్నాం. అడిగితే ఒప్పుకుంటారు.

మందు మొదలుపెట్టేముందు డాక్టర్ రెండు విషయాలు మా ముందు పెట్టారు. ఒకటి, గొంతు ఒకసారి మారితే వెనక్కి రాదు, గడ్డం కూడా అంతే. రెండు, ముందుముందు బిడ్డలు కావాలనుకుంటే ఇప్పుడే అండాలు దాచుకోవచ్చు, దానికి లక్షల్లో అవుతుంది. వాడు వద్దన్నాడు. అమ్మ ఆ మాటకు బయటికెళ్లి ఏడ్చింది. అది ఏడవాల్సిన విషయమే, నేనూ ఓదార్చలేదు, పక్కన కూర్చున్నాను.

మార్చిలో మొదటి టెస్టోస్టెరాన్, అంటే మగ హార్మోన్, ఇంజెక్షన్. మూడు వారాలకొకటి. డాక్టర్ ఫీజు, పరీక్షలు పక్కన పెడితే మందు ఖర్చు నెలకు వెయ్యి లోపే, అది మాకు ఆశ్చర్యం. కష్టమల్లా మందు దొరకడం. చీటీ ఉన్నా చాలా షాపుల్లో స్టాకుండదు, కాబట్టి ఒకటి ముందే కొని ఉంచుకుంటాం. సెలవులకు ఊరికి వెళ్తే ఎవరు పొడవాలన్నది ఇంకో సమస్య. మా ఊరి ఆర్‌ఎంపీ సీసా తిప్పి చూసి ఎందుకని అడిగాడట. అమ్మ "పెద్ద డాక్టరు రాశారు, బలానికి" అని చీటీ చూపించింది. అమ్మ అంత ధీమాగా మాట్లాడటం ఎప్పుడూ చూడలేదని తమ్ముడన్నాడు.

నాలుగో నెలకు నెలసరి ఆగింది. ఆగస్టుకి గొంతు బొంగురుపోయింది. మొటిమలు విపరీతం, ఆకలి రెట్టింపు. మూడు నెలలకోసారి రక్తం చిక్కబడిందేమో చూస్తారు. బాధంతా ఎగిరిపోలేదు. అద్దంలో ఛాతీ చూసుకోలేని రోజులు ఇంకా ఉన్నాయి, కౌన్సెలింగ్ ఇప్పటికీ నడుస్తోంది. కానీ పొద్దున లేచి కాలేజీకి వెళ్తాడు, నీళ్లు తాగుతాడు.

ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం పని మొత్తం నాన్న నెత్తిన వేసుకున్నారు. అప్పట్లో 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ప్రకారం కేంద్రం నడిపే పోర్టల్‌లో దరఖాస్తు పెడితే, జిల్లా కలెక్టర్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. ఏడాదిగా ఉంటున్న జిల్లాలోనే పెట్టాల్సి ఉండేది. హైదరాబాద్‌లో వాడికి ఏడాది నిండలేదు కాబట్టి సొంత జిల్లా నుంచే 2023 ఏప్రిల్‌లో పెట్టాం. పది రూపాయల స్టాంపు పేపర్ మీద అఫిడవిట్, నోటరీకి రెండు వందలు. అప్పటి నిబంధనల్లో ముప్పై రోజులని ఉండేది. మాకు సెప్టెంబర్ అయింది. మధ్యలో ఆఫీసులో ఒకాయన మెడికల్ సర్టిఫికెట్ తెమ్మని తిప్పి పంపాడు. మొదటి సర్టిఫికెట్‌కి ఏ వైద్య పరీక్షా అక్కర్లేదని 2020 నిబంధనల్లో అప్పుడు స్పష్టంగా ఉండేది. నాన్న ఆ పేజీ ప్రింటు తీసి, గీత గీసి, బల్ల మీద పెట్టి, "మా అబ్బాయి దరఖాస్తు అండీ ఇది" అన్నారట. నాన్నతో వెళ్లిన మా ఆయన చెబితే తెలిసింది. నాన్న 'మా అబ్బాయి' అనడం అప్పటిదాకా మేమెవరం వినలేదు.

సర్టిఫికెట్ వచ్చాక తమ్ముడు మొహం వేలాడేశాడు. దాని మీద 'ట్రాన్స్‌జెండర్' అని ఉంది. 'పురుషుడు' అని కావాలంటే సర్జరీ అయ్యాక ఆసుపత్రి పత్రంతో మళ్లీ దరఖాస్తు పెట్టాలని అప్పటి నిబంధన. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మంచిది. ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ ఆ సర్టిఫికెట్‌ను ఎప్పుడూ చూడలేదట, ఒకసారి తిరస్కరించారు, ఫిబ్రవరిలో వచ్చింది. పాన్, బ్యాంకు తర్వాత తేలిగ్గానే అయ్యాయి. పదో తరగతి మెమో మీద పేరు ఇంకా మారలేదు, ఫైలు కదులుతోంది అంటున్నారు. ఛాతీ సర్జరీకి ప్రైవేటులో రెండు లక్షల పైనే చెప్పారు. ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ కవరేజీకి 2022 ఆగస్టులో ఒప్పందం జరిగింది, మా వరకు ఇంకా రాలేదు. తొందర లేదు, డిగ్రీ అయ్యాక చూద్దామని వాడే అంటున్నాడు.

మా అత్తగారికి నేనే చెప్పాను, వేరేవాళ్లు చెప్పకముందు. రెండు నెలలు ముభావంగా ఉన్నారు. ఇప్పుడు వాడొస్తే ఆవకాయ కలిపి పెడతారు, విషయం మాత్రం ఎత్తరు. నాయనమ్మ అలిగి బాబాయి వాళ్లింటికి వెళ్లి, మోకాళ్ల నొప్పులకు తిరిగొచ్చింది. పాత పేరుతోనే పిలుస్తుంది. వాడు పలుకుతాడు. ఆవిడ ఒక్కదానికే పలుకుతాడు.

మే నెలలో మావయ్య కొడుకు పెళ్లి. శుభలేఖ కొరియర్‌లో వచ్చింది, అమ్మ పేరు, నాన్న పేరు మాత్రమే రాసి. పిల్లాడిని వదిలేసి వెళ్లనని అమ్మ అంటోంది. ప్యాంటు చొక్కా వేసుకుని వాడూ వస్తాడని, అమ్మ తన మేనల్లుడి పెళ్లికి తన కొడుకుతో వెళ్తే తప్పేంటని నాన్న అంటున్నారు. తమ్ముడు రెండింటికీ సరేనంటున్నాడు. ఇంకా తేలలేదు.